వీపు కొండ కింద కుంపటి

ఆశ్లేష కార్తె, మంగళవారం

ఈ ఉదయం మా అక్క దమయంతికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. కొండలో చప్పుడు లేదు.

ఈ రెండు సంగతులూ ఒకే చోట రాయకూడదు. ఈ పుస్తకం కొండ కోసం పెట్టింది, ఇంటి కోసం కాదు. కాని అక్క ఇల్లు ఆఖరి వరుసలో, వీపు కొండకు ఆనుకుని ఉంది. కొండ గురించి రాస్తుంటే ఆ ఇల్లు మనసులోకి రాకుండా ఉండదు.

నా పని వినడం. కొండలో పాతిన ఇనుప కడ్డీల నుంచి తీగలు కాన్వెంటు మేడ మీది చిన్న గదికి వస్తాయి. గొట్టాలు చెవులకు తగిలించుకుంటే మట్టి లోపలి చప్పుడు వినిపిస్తుంది. పొద్దున, మధ్యాహ్నం, దీపాల వేళ వింటాను. విన్నది రాస్తాను. "మనుషులతో మాట్లాడాలంటే నీకు భయం. కొండకు నీతో మాట్లాడాల్సిన పని లేదు" అని సిస్టర్ బెనడిక్టా నాకు ఈ పని అప్పగించారు. చదువు అయిపోయాక కూడా నేను కాన్వెంటులోనే ఉండిపోవడానికి ఇదే కారణం.

సాయంత్రం పాపను చూసి వచ్చాను. బాలింత గదిలో కుంపటి వెలిగించారు. పదకొండో రోజు పురుడు స్నానం దాకా అది ఆరకూడదు. బాలింత ఆ గది గడప దాటకూడదు. పురుడు వచ్చే వారం శుక్రవారం.

గురువారం

వాన.

మా బావ దాలినాయుడు బొగ్గు బుట్ట దింపడానికి కాన్వెంటు వంటింటికి వచ్చాడు. ఊరందరికీ బొగ్గు కాల్చి ఇచ్చేది బావే. చేతులు మోచేతుల దాకా నలుపు. పాప పుట్టినప్పటి నుంచి రోజూ రెండుసార్లు తోముకుంటున్నాడట. అయినా వాళ్ళమ్మ ఎత్తుకోనివ్వలేదట.

"ఏటి మరదలా, మీ కొండ ఏటంటంది?"

"ఏమీ అనలేదు బావా."

"నువ్వూ ఏటీ అనవు, అదీ ఏటీ అనదు. బాగా కుదిరినారు ఇద్దరూ."

సిస్టర్ నవ్వారు. నేను బుట్టలో బొగ్గులు చూస్తూ ఉండిపోయాను. చింత బొగ్గు కాదు, మద్ది బొగ్గు కాదు. వేలి లావు కొమ్మలు. పెద్ద చెట్లు అయిపోయాయి.

సముద్రం పైకి వచ్చి కింద ఊళ్ళు పోయాక మా తాతలు ఈ కొండలెక్కి కొత్తగట్టు ఊరు కట్టుకున్నారు. ఎండతో కరెంటు ఇచ్చే పలకలు వానాకాలంలో నీళ్ళ పంపుకే చాలవు. మొదట్లో అందరూ కట్టెలతో వండేవారు. మా అమ్మ ఆ పొగకు దగ్గి దగ్గి పోయింది. ఆ తర్వాతే కొత్తగట్టు కమిటీ ఇళ్ళలో కట్టెల పొయ్యి మాన్పించి బొగ్గు పెట్టించింది. బొగ్గుకు పొగ లేదు. ఇప్పుడు మా గోడలు తెల్లగా ఉన్నాయి. పిల్లలకు దగ్గు లేదు. పొగ పోయిందని అందరం అనుకున్నాం. అది పోలేదు, బట్టీల దగ్గరికి మారింది. ఏడు మోపుల కట్టె కాలిస్తే ఒక మోపు బొగ్గు. మా అమ్మ కాల్చినదానికంటే ఎక్కువే కాలుస్తున్నాం. కంటికి కనిపించదు, అంతే.

బట్టీ కాల్చి వదిలేసిన గోతుల్లో వాన నీళ్ళు నిలిచాయి. వీపు కొండ మీద మెట్లు మెట్లుగా చిన్న చెరువులు. బావ వాటిలో చేప పిల్లల్ని వదిలాడు. చెట్లు పోతే పోయాయి, చేపలు వచ్చాయని ఊళ్ళో అందరికీ సంబరం. నాకూ సంబరంగానే ఉండేది. పోయిన నెల నేనూ ఆ చేపలు తిన్నాను.

శుక్రవారం

పొద్దున గొట్టాలు తగిలించుకుంటే సన్నటి చప్పుడు. ఎండుటాకు మీద చీమ నడిచినట్టు. ఆగింది. మళ్ళీ మొదలైంది. మధ్యాహ్నం కూడా ఉంది. దీపాల వేళ చీమలు ఎక్కువయ్యాయి.

సిస్టర్‌కి చెప్పాను.

"వాన ఇంకుతున్న చప్పుడు కావచ్చు కదా, సులోచనా?"

"కావచ్చు సిస్టర్."

"నిశ్చయంగా తెలుసుకుని చెప్పు. ఒకసారి ఉత్తినే గంట కొడితే రెండోసారి ఎవరూ కదలరు."

గంట మోగితే ఊరంతా ఇళ్ళు వదిలి కాన్వెంటుకు రావాలి. కాన్వెంటు రాతి మీద కట్టింది.

నిశ్చయంగా తెలుసుకోవాలంటే కొండ ఎక్కాలి. బావతో మాట్లాడాలి. రెండోదే కష్టం.

శనివారం

బావతో కొండ ఎక్కాను. పచ్చగా ఉంది. గడ్డి మోకాలెత్తు లేచింది. కింద నుంచి చూసేవాళ్ళకు ఏ లోటూ కనిపించదు.

"సూడు, ఎంత పచ్చగున్నాదో. నాను మొదలంటా కొట్టను మరదలా. మొద్దు ఉంచేస్తాను. ఏరు మట్టిని పట్టుకునుంటాది. మా అయ్య నేర్పినాడు."

మూడేళ్ళ కిందట కొట్టిన మొద్దు ఒకటి చూపించమన్నాను. చూపించాడు. నా నడుమంత లావు. రెండు చేతులతో పట్టుకుని లాగాను. నాకు బలం లేదు. బిందెడు నీళ్ళు తెస్తేనే ఆయాసం వస్తుంది. అది పాలపన్ను ఊడినట్టు ఊడి వచ్చింది. వేళ్ళు మెత్తగా, తడి అట్టముక్కల్లా విరిగిపోయాయి.

నేను ఇంకో మొద్దు దగ్గరికి వెళ్ళబోయాను. బావ నన్ను ఆపి తనే లాగాడు. అదీ వచ్చింది. మూడోదీ వచ్చింది. తర్వాత లాగడం మానేశాడు.

"ఏరు కుళ్ళిపోద్దని ఎవులూ సెప్పలేదే," అన్నాడు.

అక్కడి నుంచి చెరువుల దాకా నడిచాం. పై చెరువులో నీళ్ళు అంచు దాకా రావాలి, ఇంత వాన పడింది కదా. రాలేదు. సగానికి తగ్గాయి. పక్కకు పొంగి పారిన జాడ లేదు. ఆ నీళ్ళన్నీ కొండలోకే దిగుతున్నాయి.

కొండ దిగేటప్పుడు బావ పరాచికాలు ఆడలేదు. నాకు అది చప్పుడు కంటే ఎక్కువ భయమనిపించింది.

సోమవారం

ఆదివారం కూడా వాన ఆగలేదు. బావ, ఇంకో పదిమంది మగవాళ్ళు చెరువులకు గండి కొడుతున్నారు. ఇళ్ళ వైపు కాకుండా పక్కన పారే గెడ్డ వైపు కాలువ తీయాలి. నేలంతా బండరాళ్ళు. పై చెరువు ఒక్కటే ఖాళీ అయింది.

మధ్యాహ్నం అక్క దగ్గరికి వెళ్ళాను. గది తలుపు మూసి ఉంది. కిటికీ పలక మూసి ఉంది. కుంపటి నిండా ఎర్రటి నిప్పులు, పక్కన సాంబ్రాణి. అక్క కణతలు పట్టుకుని పడుకుంది.

"తల పగిలిపోతన్నాదే సులోచనా. లేస్తే తిరిగిపోతన్నాది."

కిటికీ పలక తీశాను. అక్క అత్తగారు పారమ్మ వచ్చి మూసేసింది. నేను మళ్ళీ బెత్తెడు తీశాను. ఆమె నా వైపు చూసింది.

"మీ కానుమెంటులో బాలింతలుంటారేటి?"

"ఉండరు అత్తా."

"మరి నీకెలగ తెలుసు?"

"మూసిన గదిలో బొగ్గు మండితే ఊపిరికి గాలి చాలదు అత్తా. పొగ లేదు కాబట్టి తెలియదు."

పారమ్మత్త పలక అలాగే వదిలేసింది. ఆ ధైర్యంతోనే అడిగాను, అక్కను పాపను రెండు రోజులు కాన్వెంటులో ఉంచుదామని.

ఆమె నేల మీద కూర్చుని నెమ్మదిగా చెప్పింది. "నా పెద్దకోడలు నీకు గుర్తున్నాదా? నీకప్పటికి ఊహ తెల్దు. కింద గట్టు కుంగిపోద్దన్నప్పుడు నాలుగు రోజుల బాలింత. గంట కొట్టినారని వానలోకి తీసినాను. పిల్లడు బతికినాడా అంటే అదీ నేదు. దానికి సన్నిపాతం జొరం కమ్మీసి అదీ పోయింది. గట్టు ఏటీ కూలనేదు. ఇంటి గోడ కూడా పగల్నేదు. మల్లీ నన్ను రమ్మనకమ్మా. పురుడైతే నానే తీసుకొస్తాను."

శుక్రవారం దాకా కొండ ఆగాలి. ఇప్పుడు నాకు కావలసింది అదొక్కటే.

మంగళవారం

చీమలు కావు. పళ్ళు కొరుకుతున్నట్టుంది. రెండో చెరువుకు గండి పడింది. ఇంకా నాలుగున్నాయి.

వాన.

బుధవారం, పొద్దున

గొట్టాలు తగిలించుకోగానే తీసేశాను. మళ్ళీ తగిలించుకున్నాను. లోపల ఎవరో గోనె సంచిని ఆపకుండా చింపుతున్నారు.

కిందికి పరుగెత్తాను. సిస్టర్ ప్రార్థనలో ఉన్నారు. చేయి పట్టుకుని లాగాను. ఎప్పుడూ అలా చేయలేదు. ఆమె మేడ ఎక్కి గొట్టాలు తగిలించుకున్నారు, కొంచెంసేపు విన్నారు, గంట తాడు దగ్గరికి వెళ్ళారు.

గంట మోగుతోంది. అక్క ఇంటికి వెళ్తున్నాను. గొట్టాలు తగిలించిన చిన్న చేతి కడ్డీ తీసుకుంటున్నాను.

బుధవారం, దీపాల వేళ

జరిగింది జరిగినట్టు రాస్తాను.

కొత్తగట్టు వాళ్ళకు కదలడం కొత్త కాదు. బిందెలు, దుప్పట్లు, కోళ్ళు, ముసలివాళ్ళు, అన్నీ దారిలోకి వచ్చాయి. నేను వాళ్ళకు ఎదురు నడిచాను. ఆఖరి వరుసలో అన్ని తలుపులూ తెరిచి ఉన్నాయి, అక్క ఇంటిది తప్ప. బావ ఇంట్లో లేడు. గంట మోగేటప్పటికి కొండ మీద గెడ్డ అవతల గట్టున కాలువ తీస్తున్నాడు.

పారమ్మత్త తలుపు తీసింది కాని గడపలోనే నిలబడింది. "నాను సెప్పీసినాను గదా."

నేను పక్క నుంచి లోపలికి దూరాను. కడ్డీని గది నేలలోకి గుచ్చాను. సులువుగా దిగింది. సులువుగా దిగకూడదు. ఆ మట్టి నేలను అక్క ఏళ్ళ తరబడి పేడతో అలికి రాయిలా చేసింది. గోడ వారగా తడి. కుంపటి ఉన్నచోట మాత్రం పొడి.

గొట్టాలు పారమ్మత్త చెవులకు పెట్టాను. ఆమె కళ్ళు మూసుకుంది.

"ఎలకలు," అంది.

"ఎలకలు కావు అత్తా."

"నాకు తెల్దేటి. గాదె కింద ఇలగే గీరతాయి. ఎలకలే..." ఆమె ఆగింది. చేత్తో గొట్టాన్ని చెవికి నొక్కుకుంది. "ఇదేటిది? ఎవులో మూలుగుతన్నట్టున్నాది."

గొట్టాలు తీసి నా చేతిలో పెట్టింది. అయినా కదలలేదు. అక్క పాపను చీర చెంగులో చుట్టుకుని గోడ పట్టుకుని లేచింది.

"అత్తా, నాను ఎల్తాను. నువ్వు రాపోతే నడిసి ఎల్తాను."

"ఎల్లు. ఎల్లి పెద్దదాని లాగే..." అంది పారమ్మత్త.

నాకు పెద్దవాళ్ళకు ఎదురు చెప్పడం రాదు. అయినా అడిగాను. "బాలింత నిప్పును వదలకూడదు కదా అత్తా. అప్పుడు మీ పెద్దకోడలిని నిప్పు లేకుండా తీసుకెళ్ళారా?"

"నిప్పెక్కడిది. వాన."

"ఈసారి నిప్పు ముందు నడవనివ్వండి. అక్క దాని వెనకే నడుస్తుంది."

ఆమె కుంపటి వైపు చూసింది. అందులో ఉన్నవన్నీ ఎర్రటి నిప్పులే. పాత గుడ్డలు రెండు తెచ్చి చేతులకు చుట్టుకుంది.

"దారిలో ఆరిందా, ఎనక్కొచ్చీస్తాం. ఆ మాట మీదే వొస్తన్నాను."

ఇంట్లో వానకు అడ్డం పట్టుకునే గిడుగు ఒకటే ఉంది. ఆ తాటాకు గిడుగును నేను కుంపటి మీద పట్టాను. బాలింత మీద కాదు, పాప మీద కాదు. అక్క రెండు దుప్పట్లు కప్పుకుని మా వెనక నడిచింది. చూసేవాళ్ళు ఎవరైనా ఉంటే మాకు పిచ్చెక్కిందనుకునేవారు. ఎవరూ లేరు. దారంతా ఖాళీ.

దారిలో నీళ్ళు ఎర్రగా పారుతున్నాయి. గాలి అడ్డంగా కొట్టింది. గిడుగు వంచాను. కుంపటిలో చినుకులు పడి చుయ్యిమన్నాయి. పారమ్మత్త వంగి ఊదింది. ఎరుపు వచ్చింది, పోయింది. మళ్ళీ ఊదింది. అక్క ఎక్కడా ఆగలేదు. ఆగితే ఇక లేవలేనని తర్వాత చెప్పింది.

కాన్వెంటు మెట్లు ఇంకా దూరంగా ఉండగానే నిప్పు ఆరిపోయింది.

నేను చూశాను. బూడిద, దాని మీద నీళ్ళు. పారమ్మత్త కూడా చూసింది. ఆమె అడుగు ఆగింది. మా కింద నేల గిలిగింత పెట్టినట్టు కదిలింది. ఆమె నా మొహంలోకి చూసింది. ఊదడం మాత్రం మానలేదు. ఆరిన కుంపటిని ఊదుతూ ముందు నడిచింది. నేను దాని మీద గిడుగు పట్టుకునే నడిచాను.

మెట్లెక్కుతుండగా వెనక నుంచి గాలి తోసింది. పెద్ద చప్పుడు అవుతుందనుకున్నాను. చాలా ధాన్యం ఒక్కసారి ఒంపినట్టయింది, అంతే. తిరిగి చూస్తే పచ్చటి కొండ మధ్యలో ఎర్రగా ఉంది. ఆఖరి మూడు వరుసలూ లేవు. అక్క కూర్చుండిపోయింది. "ఆయన," అంది. బావ ఇంకా కొండ మీదే ఉన్నాడు.

బావ, మిగతా మగవాళ్ళు సాయంత్రానికి వచ్చారు. గెడ్డ చుట్టూ తిరిగి రావలసి వచ్చిందట. అందరూ వచ్చారు. బావ అక్కను చూశాడు, పాపను చూశాడు, గోడకు తల ఆనించి నిలబడ్డాడు. ఎవరూ అతన్ని తప్పు పట్టలేదు. అతను కాల్చిన బొగ్గు మీద వండుకోని ఇల్లు ఊళ్ళో లేదు.

అప్పటికి అక్క వణుకుతోంది. పాప పెదవులు రంగు మారాయి. పారమ్మత్త కుంపటిలోని బూడిద నీళ్ళు మెట్ల మీద ఒంపేసి హాల్లోకి వచ్చింది.

"సిస్టరమ్మా, బొగ్గులున్నాయేటి?"

లేవు. ఉన్న ఒక్క బుట్టా మధ్యాహ్నం అందరికీ గంజి కాయడానికి అయిపోయింది. బావ బొగ్గు కొట్టు మట్టి కింద ఉంది. ఎండ పొయ్యికి వారం రోజులుగా ఎండ లేదు.

బావ గోడ దగ్గర నుంచి కదిలి గొడ్డలి తీసుకున్నాడు. కాన్వెంటు వెనక సిల్వర్ ఓక్ చెట్లున్నాయి, పన్నెండో పదమూడో. కాన్వెంటు రాతి మీదే ఉంది. కాని దాని వెనక వాలులో మట్టిని పట్టుకుని ఉన్నవి ఆ చెట్లే.

"ఒక్క సెట్టు," అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా. "పిల్ల సచ్చిపోద్ది."

హాలంతా మనుషులు. అందరూ అవునన్నట్టు చూశారు. అక్క కూడా. నేను గుమ్మంలో నిలబడ్డాను. అంతమంది ఎదుట నేనెప్పుడూ మాట్లాడలేదు. బడిలో పద్యం చెప్పమంటే ఏడ్చేదాన్ని.

"బల్లలు కొట్టు బావా."

నా గొంతు నాకే సరిగా వినపడలేదు. మళ్ళీ అన్నాను. "తరగతి గదుల్లో బల్లలున్నాయి. ఎండిన చెక్క. చెట్టు పచ్చిది, కొట్టినా ఈ పూటకు మండదు. నీకు తెలుసు."

తెలుసు. చేతిలో గొడ్డలి దించాడు. అందరూ సిస్టర్ వైపు చూశారు. ఆ బల్లలు ఆమె చిన్నప్పుడు కింద ఊళ్ళ నుంచి భుజాల మీద మోసుకొచ్చినవి.

"ఆరో తరగతివి ముందు తియ్యండి," అన్నారు. "చెద పట్టాయి."

బావ వరండాలో బల్లలు పగలగొట్టి మంట వేశాడు. పొగ బయటికి పోయేదాకా ఆగి, నిప్పులు ఏరి కుంపటి నింపాడు. అతని చేతులు నల్లగా ఉన్నాయి. పారమ్మత్త ఆ చేతుల్లోనే పాపను పెట్టి, కుంపటి అందుకుంది. పాప చాలాసేపటికి ఏడ్చింది. నేను విన్న చప్పుళ్ళన్నిటిలో అదే మంచిది.

శుక్రవారం

పురుడు స్నానం అయింది. నీళ్ళు కాగడానికి నాలుగో తరగతి గది ఖాళీ అయింది. పాపకు జ్వరం లేదు. అక్కకు కొంచెం ఉంది. పారమ్మత్త పక్క నుంచి లేవడం లేదు.

పొద్దున ప్రార్థనకు అందరం నేల మీద కూర్చున్నాం. ఊరంతా ఇక్కడే తింటోంది. రోజుకు రెండు పూటల గంజికి ఎన్ని బల్లలు కావాలో బావ లెక్క వేసి నా దగ్గరికి వచ్చాడు. అతనిలో పరాచికం కొంచెం తిరిగి వచ్చింది.

"బల్లలైపోతే ఏటి సేద్దాం మరదలా? నువ్వు సెప్పు, ఇప్పుడు మాటలొచ్చినాయి గదా."

"తలుపులున్నాయి."

"తలుపులైపోతే?"

కిటికీలోంచి ఇద్దరం బయటికి చూశాం. వాన. దాని వెనక ఆ చెట్లు. బావ కూడా వాటినే చూస్తున్నాడని తెలుసు. అతని భుజం తట్టి మేడ మీదికి రమ్మన్నాను. వచ్చాడు.

కాన్వెంటు వెనక పాతిన కడ్డీల గొట్టాలు అతని చెవులకు పెట్టాను. ఊపిరి బిగబట్టి విన్నాడు.

"ఏటీ నేదు," అన్నాడు.

"అవును. అదే వినాలి. రోజూ."

అతను గొట్టాలు తియ్యలేదు. వింటూనే కూర్చున్నాడు. కింద ఎవరో ఐదో తరగతి బల్ల ఈడుస్తున్నారు.